మురీల పొట్లం, అద్దె కారు

మా ఇంట్లో ఏనాడూ కారు లేదు. రైల్వే వాళ్లింట్లో కారెందుకు అన్నది మా ఆయన పాట. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో మా పూరీ గేట్ పేట నుంచి రైల్వే వర్క్‌షాపుకు సైకిలు, బజారుకు టోటో అనే బ్యాటరీ రిక్షా, సొంతూరికి పాస్ మీద రైలు. ఈ మూడింటితో మనిషి జన్మ సుఖంగా వెళ్లిపోతుందట. నడివయసులో నేను పట్టుబట్టి మలంచా రోడ్డులో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చి చూపిస్తే, అటూ ఇటూ తిప్పి "ఫోటో బాగా పడింది" అన్నాడు. ఒళ్లు మండింది గానీ ఏం లాభం? ఆ లైసెన్సు బీరువాలో పట్టుచీరల మడతల్లో పడుకుంది.

దాన్ని అక్కడి నుంచి లేపింది మా అత్త. మా ఆయన తల్లి, ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి. ఆవిడ గేటుమేన్ కూతురు. ఖరగ్‌పూర్ నుంచి మా ఊరి వైపు వెళ్లే లైనులో, బెల్దా స్టేషను దాటాక, పొలాల మధ్య ఒక లెవెల్ క్రాసింగ్ గేటు ఉండేది. దాని పక్కనే ఒక గది. చీపురుపల్లి దగ్గర్నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన వాళ్ల నాన్నకు ఆ గేటూ ఆ గదీ ఇచ్చారు. జెండాలు, లాంతర్లు ఒక మూల, వంటా పడకా ఇంకో మూల. మా అత్త పుట్టింది అక్కడే.

ఆమె తర్వాత ఒక తమ్ముడు పుట్టాడు. వాడికి పేరు పెట్టలేదు. ఊరెళ్లి, అయినవాళ్ల మధ్య బారసాల చేయాలని వాళ్ల నాన్న పట్టు. గేటుమేన్ ఊరెళ్లాలంటే ఆ గేటు దగ్గర ఇంకో మనిషి నిలబడాలి. ఆ మనిషి వస్తే కదా సెలవు. రేపొస్తాడు, వచ్చే నెల వస్తాడు అంటుండగానే పిల్లవాడికి జ్వరం వచ్చింది, పోయాడు. గేటు వెనకున్న నేరేడు చెట్టు కింద పెట్టారు. ఇంట్లో వాణ్ని గుంటడు అనేవాళ్లు. మా వైపు మగపిల్లలందరినీ అలాగే అంటారు. అంతకు మించి వాడికంటూ ఒక పిలుపు లేదు.

తర్వాత వాళ్ల నాన్నను ఖరగ్‌పూర్‌కు మార్చారు. అక్కణ్నుంచి ఊరెళ్లిన ప్రతిసారీ రైలు ఆ గేటు మీదుగానే పోవాలి. వాళ్లమ్మ మురీల పొట్లం కొంగున కట్టుకుని రైలెక్కేదట. బొరుగులను మా వైపు మురీలంటాం, బెంగాలీలూ దాదాపు అదే మాట అంటారు. పళ్లు రాకుండానే పోయినవాడు ఇంకేం తినగలడు, మురీలైతే నోట్లో వేస్తే నానిపోతాయి అని ఆ తల్లి లెక్క. బెల్దా దాటగానే ముడి విప్పేది. ముందు ఒక పెద్ద చెరువు, పక్కనే చిన్న చెరువు, ఇటుకబట్టీ గొట్టం, ఆ వెనకే గేటు. గేటు గది కనిపించగానే కిటికీ ఊచల మధ్య నుంచి గుప్పెడు మురీలు బయటికి. తల్లి పోయాక ఆ పని మా అత్త చేతికొచ్చింది.

పెళ్లయ్యాక తొలిసారి ఆవిడతో రైల్లో వెళ్తున్నప్పుడు నేను అది చూశాను. చక్కటి తినే వస్తువును కిటికీలోంచి పారేస్తోందేమిటి ఈవిడ అనుకున్నాను. కొత్త కోడల్ని కాబట్టి నోరు మూసుకున్నాను. బహుశా నేను నోరు మూసుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. సంగతి తెలిశాక మాత్రం బెల్దా వస్తోందంటే నేనే కిటికీ పక్క కూర్చున్నవాళ్లను బతిమాలో బెదిరించో లేపేదాన్ని.

కిందటి ఏడు విజయనగరంలో పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. అమ్మకు మోకాళ్ల నొప్పులని మా ఆయన ఏసీలో టికెట్లు తీశాడు. ప్రేమగానే తీశాడు. ఇది మాత్రం మా ఎవరికీ తట్టలేదు. బెల్దా దాటింది, అత్త పొట్లం విప్పి కిటికీ మీద చెయ్యి పెట్టింది. అద్దం. గడియ ఎక్కడుందా అని అంచుల వెంబడి తడిమింది. గడియే లేదు. "ఇది తియ్యరా" అంది కొడుకుతో. అది రాదమ్మా అన్నాడు మా ఆయన. తలుపు దాకా వెళ్దామని ఆవిడ లేచి, ఊగే పెట్టెలో నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసేలోపు రెండు చెరువులూ, ఇటుకబట్టీ, గేటూ అన్నీ వెనక్కి పోయాయి. తిరుగు ప్రయాణంలోనూ అదే అద్దం. పొట్లం పొట్లంగానే ఇంటికొచ్చి వంటింటి మేకుకు వేలాడింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. వానలకు అందులో మురీలు మెత్తబడి ముద్దయ్యాయి.

ఆ వానాకాలమే ఆవిడకు గుండె నలతగా ఉంటే డాక్టరు దూరప్రయాణాలు ఇక మానెయ్యమన్నాడు. అత్త తల ఊపింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "ఇంక నాను రానేనని ఆడికి సెప్పాల కదా పిల్లా" అంది. "సెప్పకుండా మానేస్తే, అప్ప మరిసిపోనాదనుకుంటాడు."

మా వైపు అక్కను అప్ప అంటాం.

ఒక్కసారి ఆవిడను అక్కడికి తీసుకెళ్లాలి. ఎలా? ఆ గేటు రెండు స్టేషన్ల మధ్య ఎక్కడో ఉంది. లోకల్ ఎక్కి ఏ స్టేషన్లో దిగినా అక్కణ్నుంచి లైను పక్కన కంకర మీద నడవాలి. ఆ మోకాళ్లతో అది కలలో మాట. టోటో వాడికి ఎక్కడికని చెప్తాం? అప్పుడు లైసెన్సు గుర్తొచ్చింది. మలంచా రోడ్డు మీద మనమే నడుపుకునేలా కార్లు రోజుకూ వారానికీ అద్దెకిచ్చే దుకాణం ఒకటుంది. ఇంజనీరింగ్ కాలేజీలో చదివే మన తెలుగు పిల్లలు, కొత్తగా చేరిన మేష్టర్లు, పెళ్లివాళ్లు అక్కడే తీసుకుంటారు. యజమాని బెంగాలీ దాదా, మెతక మనిషి. రేపు సాయంత్రానికల్లా తెచ్చెయ్యాలి దీదీ, ఎల్లుండి పొద్దున్నే పెళ్లివాళ్లకు మాటిచ్చాను అన్నాడు. సరేనన్నాను.

మర్నాడు తెల్లటి కారు తెచ్చి మా వాకిట్లో పెట్టి ఆయన తాళం నా చేతికిచ్చేలోపు, అత్త పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకుని దిగింది. పరాయివాళ్ల బండికి పూజేమిటత్తా అన్నాను. "బండి అద్దెదైతే ఏటి? లోపల కూకున్న మన పేనాలు అద్దెవి కావు కదా" అంది. దాదా ఒక నిమిషం చూసి, చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. నిమ్మకాయల మీదుగా బండి తోలి, నేను దేవుడికి ఒక దండం, గేరుకు ఒక దండం పెట్టుకున్నాను.

అద్దె కారులో ముందెక్కినవాళ్లు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటారు. ఎవరో పొడుగు మనిషికి సరిపడా సీటు వెనక్కి జరిగి ఉంది. వెనక చూసే అద్దం ఎవరి కళ్లకో సరిపడా తిరిగి ఉంది. సీటు సందులో ఒక పసిపిల్ల జడక్లిప్పు దొరికింది. అన్నీ నా కొలతకు మార్చుకుని బయల్దేరాను. అత్త పక్క సీట్లో కొత్త మురీల పొట్లం ఒళ్లో పెట్టుకుని, కిటికీ అద్దం పూర్తిగా దింపించి కూర్చుంది. అద్దం కిందికి దిగుతుంటే ఆవిడ మొహం చూడాలి. మీట నొక్కి మళ్లీ ఎక్కించి, మళ్లీ దింపింది. నేను నవ్వుకున్నాను.

బెల్దా దాకా ఇద్దరం దొరసానుల్లా వెళ్లాం. అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

"ఎడం పక్క సూడు, పెద్ద చెరువొస్తాది" అంది అత్త. ఎడమ పక్క పెట్రోలు బంకు, సిమెంటు కొట్టు ఉన్నాయి. లేదత్తా అంటే, "డౌన్‌లో ఎల్తంటే ఎడం పక్క" అంది. డౌన్ అంటే మా ఊరి వైపు పోయే రైలు. అప్పుడు అర్థమైంది నా ఖర్మ. ఆవిడ పుట్టి పెరిగిన చోటు ఆవిడకు రైలు కిటికీలోంచే తెలుసు. లైను ఒకచోట రోడ్డుకు కుడి పక్కన, ఇంకోచోట పొలాల అవతల, మరోచోట ఊళ్ల వెనక కనిపించకుండా పోతుంది. రోడ్డు మీది నుంచి చూస్తే ఆ చెరువులకు వీపు కనిపిస్తుందో, అసలు కనిపించనే కనిపించవో. బట్టీ గొట్టాలా, దేనికదే అదేనేమో అన్నట్టు నిలబడి ఉన్నాయి.

పోనీ అడుగుదామని దిగాను. అడిగిందేమిటంటే గేటు నంబరు. అత్తకు ఆ నంబరు నోటికొచ్చు, మరి గేటుమేన్ కూతురు. కనిపించిన ప్రతి మనిషినీ, ఫలానా నంబరు గేటు ఎక్కడ దాదా అని అడుగుతూ పోయాం. కిలోమీటరు రాయి సంఖ్య కూడా చెప్పాం. రోడ్డున పోయేవాడికి గేటు నంబరు ఎలా తెలుస్తుంది? గేటును ఊరి పేరుతో చెప్పుకుంటారు గానీ నంబరుతో ఎవరు చెప్పుకుంటారు? పైగా ఆ వైపు గేట్లు చాలావరకు మూసేసి, కింద నుంచి దారులు తవ్వేశారు. ఈ తెలివితక్కువ పని రైల్వే వాళ్లింటి ఆడవాళ్లం కాబట్టి మేమే చేశాం, ఇంకొకరెవరూ చేయరు.

అందరూ మమ్మల్ని మొగల్‌మారికి పొమ్మన్నారు. దాంతన్ దగ్గర తవ్వకాల్లో పాత బౌద్ధ విహారం బయటపడ్డ దిబ్బ అది. కారు వేసుకుని వచ్చిన ఆడవాళ్లు పాత చోటేదో వెతుకుతున్నారంటే అదే అయి ఉంటుందని వాళ్ల నమ్మకం. దానికి దారి పొడుగునా బోర్డులున్నాయి. ఒకసారి నిజంగానే తిన్నగా అక్కడికే చేరాం. ఆ ఇటుక గోడల్ని చూసి, "ఎవులిల్లో పాపం, బాగా కట్టుకున్నారు" అని చేతులు జోడించింది అత్త. నాకు కోపం, ఏడుపు రెండూ కలిసొచ్చాయి. ఎప్పటి సన్యాసులకో రోడ్డు పొడుగునా బోర్డులు పెట్టారు, మంచిదే. మొన్న మొన్నటి దాకా ఎండనకా వాననకా గేటు వేసి తీసిన ఇంటిని మాత్రం ఒక్కడూ ఎరగడు. మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు చెప్పుకునే చరిత్రలోనూ వర్క్‌షాపు ఉంటుంది, పొడుగాటి ప్లాట్‌ఫారం ఉంటుంది. గేటు గదిలో పోయిన పసివాడు అందులో ఎక్కడుంటాడు?

మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. ఎండ ఎక్కింది. సాయంత్రానికి కారు అప్పజెప్పాలి. అంతదాకా పంటి బిగువున పట్టిన కోపం ఒక బస్ స్టాపు దగ్గర తెగింది. బండి పక్కకు ఆపి, నంబరొక్కటే గుర్తుంటే సరిపోతుందా, చుట్టుపక్కల ఊరి పేరొక్కటైనా తెలియదా అని అరిచాను. అత్త నా వైపు తిరగలేదు. "గేటు దాటి నన్నెక్కడికీ ఎల్లనిచ్చేవోరు కాదమ్మా. రైలొస్తాదని బయం" అంది మెల్లగా. ఆ మాటతో నా కోపం చల్లారిపోయింది.

స్టాపు పక్కన టీ కొట్టుంది. అరవై దాటిన ఒకావిడ బజ్జీలు వేయిస్తోంది, పక్కన డబ్బా నిండా మురీలు. అత్తను దింపి బెంచీ మీద కూర్చోబెట్టి టీ చెప్పాను. పొద్దుటి నుంచి ఈ కారు ఇటూ అటూ తిరుగుతోంది, ఎవరి కోసం అని అడిగింది ఆవిడ బెంగాలీలో. నేను నంబరు చెప్పబోయాను. ఈసారి అత్త నన్ను ఆపింది. తనకొచ్చిన బెంగాలీలో, మా తమ్ముడు ఇక్కడే ఉన్నాడు అని చెప్పింది. ఉన్నాడనే అంది, ఉండేవాడని అనలేదు.

పేరేమిటి, ఈ చుట్టుపక్కల అందరూ నాకు తెలుసు అంది కొట్టావిడ.

పేరు లేదు అంది అత్త. పేరు లేని మనిషెవరని ఆవిడ నవ్వింది. అత్త నవ్వలేదు. గేటు గది గురించి చెప్పింది, నేరేడు చెట్టు గురించి చెప్పింది, ఒళ్లోని పొట్లం చూపించింది. బాణలిలో తిరుగుతున్న జల్లిగరిటె ఆగిపోయింది. ఆవిడ పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుని వచ్చి, అత్త చేతినీ పొట్లాన్నీ మార్చి మార్చి చూసింది. రైల్లోంచి మురీలు వేసేది మీరేనా అని అడిగింది. అత్త తల ఊపితే, ఆవిడ వేలు పైకెత్తి స్టాపు మీద రాసిన పేరు చూపించింది.

కూడబలుక్కుని బెంగాలీ చదువుతాను నేను. ఖోకాతలా అని ఉంది. పొద్దుటి నుంచి దాని ముందు నుంచి ఎన్నిసార్లు పోయామో. ఏదో ఊరి పేరు అనుకుని వదిలేశాను. ఖోకా అంటే వాళ్ల భాషలో పసిగుంటడు. తలా అంటే చెట్టు కింది చోటు. అత్తకు చదివి చెప్పాను. ఆవిడకు వెంటనే అందలేదు. మళ్లీ చదవమంది.

కొట్టావిడ చెప్పింది. కోడలిగా ఆ ఊరొచ్చిన కొత్తలో వాళ్ల అత్త చెప్పిందట: గేటు దగ్గరి తెలుగామె బిడ్డ ఆ నేరేడు కింద నిద్రపోతున్నాడు, కొమ్మ విరవకండి, వాడికి రైలే మురీలు పెడుతుంది. ఈవిడ కూడా కళ్లారా చూసిందట. ఎప్పుడో ఒక రైలు పోతుంటే కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చేది. ఎవరి చెయ్యో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ మురీలను పిల్లలు ముట్టుకునేవారు కాదు, గోరింకలకు వదిలేసేవారు. ఆ తర్వాత ఈ రోడ్డు మీద బస్సులు తిరగడం మొదలైనప్పుడు స్టాపుకు పేరు కావాల్సి వచ్చింది. అప్పటికే అందరి నోటా ఆ పేరే ఉంది. ఆవిడకు అత్త చెప్పింది, నాకూ అత్తే చెప్పింది. నేను నిలబడి ఏడ్చేశాను, సిగ్గేమీ పడలేదు.

కొట్టు వెనక సందులోంచి మమ్మల్ని లైను దగ్గరికి తీసుకెళ్లింది. దూరమేమీ లేదు. అక్కడ గేటు లేదు, గోడ కట్టేశారు. గది లేదు. ఈ ఏడే మూడో లైను కోసం గేటూ గదీ తీసేసి, చెట్టు కొట్టేశారని చెబుతూ, తనే కొట్టినట్టు తల దించుకుంది ఆవిడ. చెట్టు ఉన్నచోట కొత్త కంకర పోసి ఉంది. అత్త పొట్లం పట్టుకుని నిలబడిపోయింది. అంతలో ఒక రైలు పోయింది, అన్నీ మూసిన అద్దాలే. అది పోయేదాకా చూసి, "ఎక్కడెట్టాల?" అని నన్నడిగింది. ఇంత దూరం వచ్చి పొట్లం మళ్లీ మేకుకే వేలాడుతుందేమోనని నాకు భయం వేసింది.

అప్పుడే రోడ్డు మీద బస్సు ఆగింది. కండక్టరు మెట్టు మీద వేలాడుతూ ఊరంతా వినపడేలా ఖోకాతలా, ఖోకాతలా అని కేకేశాడు. అత్త గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఎవుల్ని పిలస్తన్నాడు?" అంది. నేను చెప్పక్కర్లేకపోయింది. చెప్పేలోపే ఆ మోకాళ్లతో రోడ్డు వైపు నడవడం మొదలెట్టింది.

స్టాపు గుంజ మొదట్లో కూర్చోబెట్టమంది. పొట్లం విప్పి మురీలు గుప్పెళ్లతో కాకుండా నెమ్మదిగా దోసిలితో పోసింది. "ఇంక నాను రైల్లో రానేన్రా నాయనా" అంది. "అప్ప మరిసిపోనాదనుకోకు." కొట్టావిడకు తెలుగు రాదు గానీ సంగతి అర్థమైనట్టుంది. తన డబ్బాలోంచి గుప్పెడు తెచ్చి వాటి మీద వేసింది. మురీలకు ఇక్కడేం లోటు, రోజూ నేను చూసుకుంటాను అని అత్తతో చెప్పింది.

కారు దాదా ఫోను చేశాడు. ఎక్కడున్నారు దీదీ, బయల్దేరారా అని. ఇదిగో అన్నాను. అత్తను లేపబోతే లేవలేదు. గుంజకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, తీరిగ్గా కూర్చుని ఉంది. ఈ మనిషిని ఇన్నేళ్లలో ఇంత తీరిగ్గా నేను చూడలేదు.

"ఇంకో బస్సు రానీ" అంది. "పేరెట్టకుండా పంపీసినానని మాయమ్మ సచ్చీదాకా ఏడిసింది. ఆడికి బారసాల ఈ ఊరోలు సేసినారు. ఇంకొక్కసారి ఇని ఎల్దాం."

చీకటి పడేలోపు ఖరగ్‌పూర్ చేరలేమని దాదాకు చెప్పి, తాళం సంచిలో పడేసి ఆవిడ పక్కన కూర్చున్నాను. బెల్దా వైపు నుంచి ఇంకో బస్సు వస్తోంది.